డెలివరీ డేట్ దాటితే: నా పది రోజుల లెక్క

పద్దెనిమిదో తేదీ రాత్రి పన్నెండు దాటేదాకా మేలుకునే ఉన్నాను. ఆస్పత్రి ఫైలు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో చుట్టి ఉన్న డేట్ అది. నొప్పుల్లేవు, నీళ్ళు పోలేదు, కనీసం నడుమైనా లాగలేదు. పన్నెండుంపావుకి మా ఆయన లైటు తీసేస్తూ "పడుకో, లోపలున్న మనిషికి క్యాలెండర్ చదవడం రాదుగా" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

పాప పుట్టింది 28న తెల్లవారుజామున. నేను డాక్టర్ని కాను. ఆ పది రోజులూ అడిగిందే అడిగి డాక్టరమ్మను విసిగించి, ఆవిడ చెప్పిందల్లా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నదాన్ని. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ పుస్తకమే మళ్ళీ తీశాను. డేట్ దాటాక ఎదురుచూడటంలో తప్పేం లేదు. పరీక్షలు లేకుండా, కదలికలు లెక్కపెట్టుకోకుండా ఊరికే రోజులు గడిపేయడమే ప్రమాదం. కింద రాసిందంతా ఆ మధ్య రోజుల్లో ఏం చేయాలన్న దాని గురించే.

ముందు ఆ డేట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి

చివరిసారి నెలసరి మొదలైన రోజు నుంచి 280 రోజులు లెక్కపెడితే వచ్చేది డెలివరీ డేట్. అంటే 40 వారాలు. ఈ లెక్క నెలసరి 28 రోజులకోసారి ఠంచనుగా వచ్చే మనిషికి సరిపోతుంది. నాకు 34, 35 రోజులకు వచ్చేది. అలాంటప్పుడు అండం విడుదలయ్యేదే వారం ఆలస్యంగా కాబట్టి, కడుపు నిలిచేదీ ఆలస్యంగానే. నెలసరి లెక్కన నా డేట్ 12. ఎనిమిదో వారంలో తీసిన స్కాన్‌లో బిడ్డ పొడవును బట్టి వచ్చింది 18. ఆ వయసులో రెండు లెక్కలకీ అయిదు రోజులకు మించి తేడా ఉంటే స్కాన్ డేట్‌నే తీసుకుంటారట. తొమ్మిదో వారం నుంచి పద్నాలుగో వారంలోపు స్కాన్ అయితే ఏడు రోజులకు మించి ఉండాలి. అందుకే నా ఫైల్లో 12 కొట్టేసి 18 రాశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎనిమిదో నెల స్కాన్ రిపోర్టులో కింద చిన్న అక్షరాలతో మరో డేట్ అచ్చయి వచ్చింది, 9వ తేదీ అని. ఇంట్లో అందరం కంగారుపడిపోయాం. తీరా అడిగితే తేలిందేమిటంటే, చివరి నెలల స్కాన్‌లో మిషన్ బిడ్డ సైజును చూసి వయసు కడుతుంది. బిడ్డ కాస్త బొద్దుగా ఉంటే డేట్ ముందుకు జరుగుతుంది, సన్నగా ఉంటే వెనక్కి పోతుంది. అటూ ఇటూ మూడు వారాల దాకా తేడా రావచ్చు. మొదటి మూడు నెలల స్కాన్‌తో ఒకసారి ఖాయం చేసిన డేట్‌ను తర్వాతి స్కాన్లు చూసి మార్చకూడదు. డేట్ దాటిందని చెప్పే చాలా కేసుల్లో అసలు దాటనే దాటదట, లెక్కే తప్పు ఉంటుందట.

కాబట్టి మొదటి పని ఇది: ఫైల్లో ఉన్న డేట్లన్నీ డాక్టర్ ముందు పెట్టి "వీటిలో మీరు దేన్ని పట్టుకుంటున్నారు?" అని అడిగి, ఆ ఒక్కదాన్నీ పెద్ద అక్షరాలతో రాయించుకోండి. రాత్రిపూట వెళ్తే వేరే డ్యూటీ డాక్టర్ ఉంటారు, ఆ ఫైలు తప్ప ఆవిడకు మీరెవరో తెలియదు. మొదటి నెలల్లో స్కాన్ అసలు తీయించుకోలేదు, నెలసరి తేదీ కూడా గుర్తులేదు అంటే దాచకుండా చెప్పేయండి. అప్పుడు డాక్టర్లు ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు.

ఇంకో సంగతి. సరిగ్గా డేట్ రోజే పుట్టే పిల్లలు నూటికి నలుగురో అయిదుగురో. 39 వారాల నుంచి 40 వారాల 6 రోజుల దాకా పుట్టినవాళ్ళను నిండు నెలల బిడ్డలు అనే అంటారు. అంటే డేట్ దాటిన మొదటి ఆరు రోజులు వైద్యం లెక్కలో ఆలస్యమే కాదు. 41 వారాలు నిండాక ఆలస్యం అంటారు, 42 నిండాక మరీ దాటిపోయిందంటారు. మొదటి కాన్పు అయినా, ఇంతకు ముందు కాన్పులో దాటినా, మీ అమ్మకో అక్కకో దాటినా మీకూ దాటే అవకాశం ఎక్కువ. మా అమ్మ నా విషయంలో పన్నెండు రోజులు దాటిందని అంతా అయ్యాక తీరిగ్గా చెప్పింది.

41 అనే అంకె ఎందుకు

కడుపులో బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందించే మాయ ఎప్పటికీ ఒకేలా పనిచేయదు. వారాలు గడిచేకొద్దీ కొందరిలో దాని పని మందగిస్తుంది, ఉమ్మనీరు తగ్గుతుంది. బిడ్డ లోపలే మలం పోవచ్చు, అది ఉమ్మనీటితో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే పుట్టగానే ఆయాసం. మాయ బాగానే ఉన్నవాళ్ళలోనేమో బిడ్డ ఇంకా పెరుగుతూ పోయి కాన్పు కష్టమవుతుంది. అన్నిటికంటే భయపెట్టేది, కడుపులోనే బిడ్డ పోవడం. కోటిన్నర కాన్పుల లెక్కలు కలిపి చూసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. 40 వారాల దగ్గర ఆ ప్రమాదం వెయ్యికి ఒకటి కంటే తక్కువ, 42 దగ్గర వెయ్యికి మూడు. డాక్టరమ్మ ఈ అంకెలు చెప్పినప్పుడు నాకు ముందు వినపడింది "మూడు" ఒక్కటే. ఇంటికొచ్చాక గానీ మిగతా 997 గుర్తురాలేదు. రెండూ నిజమే, రెండూ గుర్తుపెట్టుకోండి.

స్వీడన్‌లో కొందరికి 41 వారాలకు నొప్పులు తెప్పించి, మిగతావాళ్ళను 42 దాకా ఆగనిచ్చి పోల్చి చూశారు. ఆగినవాళ్ళలో ఆరుగురు బిడ్డలు చనిపోయారు, రెండో వైపు ఒక్కరూ లేరు. దాంతో ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 41 వారాలు నిండాక నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేస్తుంది. బీపీ, షుగర్, కవలలు, బిడ్డ ఎదుగుదల తక్కువ లాంటివి ఉన్నవాళ్ళకు మాత్రం ఈ 41 వర్తించదు, వాళ్ళకు ఇంకా ముందే నిర్ణయం తీసుకుంటారు.

కదలికలు

ఈ మొత్తంలో మీరు ఒక్కటే చదవగలిగితే ఈ భాగం చదవండి.

రోజూ ఒకే వేళ, ఏదైనా తిన్న తర్వాత, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. ఫోన్ దూరంగా పెట్టండి. తన్నినా, దొర్లినా, మోచేత్తో గీరినట్టు కదిలినా ఒక గీత. ఎక్కిళ్ళు లెక్కలోకి రావు. రెండు గంటల్లోపు పది గీతలు రావాలి. చాలామందికి అరగంటలోనే వచ్చేస్తాయి. కొందరు డాక్టర్లు అంకె చెప్పరు, బిడ్డ మామూలు ధోరణి మారిందా అనే అడుగుతారు. నాకు అదే ఎక్కువ ఉపయోగపడింది. మా పాప రాత్రి తొమ్మిది దాటిందంటే కుడి పక్కటెముక కింద పాదం పెట్టి తోసేది. నా పుస్తకంలో ప్రతి రాత్రీ తొమ్మిదింటి పక్కన నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డగీత.

24వ తేదీ రాత్రి పదకొండు అయినా ఆరే వచ్చాయి. పక్కటెముక కింద ఏమీ లేదు. అంతకు ముందు వారమే ఒక చోట ఒకావిడ నాతో "నెలలు నిండాక పిల్లలు కదలరమ్మా, లోపల చోటు ఉండదు" అని ధీమాగా చెప్పి ఉంది. ఆ మాట పట్టుకుని ఇంకో గంట ఆగాలనిపించింది. అది అబద్ధం. చోటు తగ్గితే కదిలే తీరు మారవచ్చు, గుభీమని తన్నే బదులు దొర్లినట్టు అనిపించవచ్చు. అంతేగానీ కదలడం తగ్గకూడదు, ఆగకూడదు, నొప్పులు మొదలయ్యేదాకా, మొదలయ్యాక కూడా. మా ఆయన అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నారు. పదకొండున్నరకు ఆస్పత్రిలో మిషన్ పెట్టారు, అంతా బాగానే ఉంది. "అనవసరంగా వచ్చి ఇబ్బంది పెట్టాను" అంటే సిస్టర్ బెల్టు విప్పుతూ "రేపు మళ్ళీ ఇలాగే అనిపిస్తే మళ్ళీ రండి" అంది. తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. ఇంట్లో గుండె చప్పుడు వినే చిన్న మిషన్లు అమ్ముతున్నారు, వాటిని నమ్ముకుని ఆగిపోకండి కూడా. చప్పుడు వినపడినంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదు.

పరీక్షల్లో ఏం చేస్తారు

ఎక్కువగా చేసేది ఎన్‌ఎస్‌టీ, అంటే బిడ్డ గుండె చప్పుడు తీరును చూసే నాన్-స్ట్రెస్ టెస్ట్. పొట్టకు రెండు సాగే బెల్టులు కడతారు. ఒకటి బిడ్డ గుండెను వింటుంది, రెండోది కడుపు బిగుసుకోవడాన్ని పట్టుకుంటుంది. చేతికి ఒక బటన్ ఇచ్చి బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమంటారు. పక్కన మిషన్‌లోంచి గళ్ళ కాగితం మెల్లగా దిగుతూ ఉంటుంది. బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు, 15 సెకన్లపాటు, 15 చొప్పున పైకి లేస్తే బాగున్నట్టు. 22న నాకు మొదటి 20 నిమిషాలూ గీత చదునుగా పోయింది. నా గుండె మాత్రం ఏ మిషన్ అక్కర్లేకుండా నాకే వినపడింది. సిస్టర్ ఏమీ కంగారుపడకుండా నన్ను ఎడమ పక్కకు తిప్పి, మరో 20 నిమిషాలు ఉంచింది. పాప అప్పటిదాకా నిద్రపోతోందట. లేచాక కాగితం మీద కొండలే కొండలు. వెళ్ళేముందు బాత్రూమ్‌కి వెళ్ళి రండి, గంట దాకా కదలనివ్వరు.

రెండోది ఉమ్మనీటి స్కాన్. పొట్టను నాలుగు భాగాలు చేసి ఒక్కోదాంట్లో నీటి లోతు కొలిచి కలుపుతారు. మొత్తం 5 సెంటీమీటర్లకు దిగితే తక్కువ కింద లెక్క. కొందరు ఒక్క లోతైన చోటే కొలుస్తారు, దానికి గీటు 2 సెంటీమీటర్లు. నాకు 22న 9, 25న 6. అంకె ఒక్కటే కాదు, దిగుతున్న వేగం కూడా చూస్తారు. ఊపిరి కదలికలు, కాళ్ళూచేతులూ ముడవడం, చాపడం కూడా స్కాన్‌లో చూసి మార్కులు వేసే పరీక్ష మరొకటి ఉంది, అవసరమైతే చేస్తారు. 41 దాటాక ఇవన్నీ వారానికి రెండుసార్లు మామూలే.

స్వీప్, ఇంకా ఇంటి చిట్కాలు

23న లోపలి పరీక్ష చేసినప్పుడు గర్భసంచి మూతి వేలు పట్టేంత తెరుచుకుంది. స్వీప్ చేయనా అని డాక్టరమ్మ అడిగింది. వేలితో ఉమ్మనీటి సంచి పొరను గర్భసంచి గోడ నుంచి కాస్త విడదీయడం అది. అర నిమిషమే, కానీ బాగా నొప్పి. ఊపిరి గట్టిగా వదులుతూ ఉంటే కొంత నయం. ఆ సాయంత్రం కొద్దిగా రక్తం కలిసిన జిగురు కనిపించింది, రాత్రంతా పది నిమిషాలకోసారి కడుపు బిగుసుకుంది, తెల్లారేసరికి మొత్తం సర్దుకుంది. దొంగ నొప్పులు. స్వీప్ వల్ల తర్వాత మందుల అవసరం కొంత తగ్గుతుందంటారు. నా విషయంలో తగ్గలేదు. మిమ్మల్ని అడక్కుండా చేయకూడదు, వద్దనే హక్కు మీకుంది.

ఆముదం తాగొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుని, కాన్పుకు కావలసిన ఓపికంతా ముందే పోతుంది. నడక మంచిదే, దానివల్లే నొప్పులొస్తాయన్న గ్యారంటీ లేదు. భార్యాభర్తలు కలవడం కూడా అంతే, నీళ్ళు పోయినా, రక్తం కనిపించినా, మాయ కిందికి ఉన్నా మాత్రం వద్దు. చనుమొనలు రాపిడి చేస్తే నిజంగానే కడుపు బిగుసుకుంటుంది, ఒక్కోసారి మరీ ఎక్కువగా. డాక్టర్‌ను అడక్కుండా ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

నొప్పులు తెప్పించే రోజు

25న 41 వారాలు నిండాయి. ఉమ్మనీరు 6. "రేపు సాయంత్రం వచ్చి చేరిపో" అంది డాక్టరమ్మ.

ముందు లోపలి పరీక్ష చేసి మార్కులు వేస్తారు. గర్భసంచి మూతి ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ముందుకు తిరిగిందా, బిడ్డ తల ఎంత కిందికి దిగింది, ఈ అయిదింటికీ. 8 దాటితే గర్భసంచి సిద్ధంగా ఉన్నట్టు. నాకు 4. అంటే ముందు మూతిని మెత్తబరచాలి. దానికి లోపల జెల్ పెట్టవచ్చు, మాత్రలు ఇవ్వవచ్చు, లేదా సన్నటి గొట్టం చివర చిన్న బెలూన్‌ను నీటితో ఉబ్బించి మూతిని మెల్లగా తెరిపించవచ్చు. ఇంతకు ముందు సిజేరియన్ అయినవాళ్ళకు ఆ మాత్రలు ఇవ్వరు, పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది. మీకు ఆపరేషన్ అయి ఉంటే అది మొదటి మాటగా చెప్పండి, ఫైల్లో ఉందిలే అనుకోకండి.

నాకు సాయంత్రం ఆరింటికి ఒక జెల్, అర్ధరాత్రి రెండోది. మధ్యలో ఏమీ జరగలేదు. నిజంగా ఏమీ జరగలేదు. ఇది ఎవరూ చెప్పరు: మందు పెట్టగానే నొప్పులు రావు. మొదటి కాన్పుకు ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే తెల్లారేసరికి బయట కుర్చీల్లో గుసగుసలు మొదలవుతాయి. పొడుగు చార్జర్, మందపాటి సాక్సులు తీసుకెళ్ళండి, లేబర్ రూమ్ చల్లగా ఉంటుంది. 27 ఉదయం పదింటికి 3 సెంటీమీటర్లు. ఉమ్మనీటి సంచిని చిట్లించారు, వేడినీళ్ళు ఒంపినట్టు అనిపించింది. నీళ్ళలో లేత ఆకుపచ్చ రంగు, అంటే బిడ్డ మలం కలిసిందన్న గుర్తు, కనిపించగానే సిస్టర్ పిల్లల డాక్టర్‌కు కబురు పంపింది. తర్వాత డ్రిప్‌లో ఆక్సిటోసిన్, నొప్పులు తెప్పించే మందు. ఈ నొప్పులు త్వరగా జోరందుకుంటాయి, నొప్పి తగ్గించే సదుపాయం ఏముందో చేరేటప్పుడే అడిగి పెట్టుకోండి. బెల్టులు మాత్రం పుట్టేదాకా కట్టే ఉంచారు.

నొప్పులు తెప్పిస్తే ఆపరేషన్‌కే దారి తీస్తుందని అందరూ అంటారు, నేనూ నమ్మాను. అమెరికాలో మొదటి కాన్పు వాళ్ళు ఆరు వేల మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధన 2018లో వచ్చింది. 39 వారాలకే నొప్పులు తెప్పించినవాళ్ళలో ఆపరేషన్లు 18.6 శాతం, ఆగినవాళ్ళలో 22.2 శాతం. అయితే మందు పనిచేసేదాకా డాక్టర్లు ఓపిగ్గా టైమ్ ఇచ్చే చోటే ఈ లెక్క నిజం. అందుకని అడగాల్సిన ప్రశ్న: "పనిచేయలేదని ఎంతసేపటికి నిర్ణయిస్తారు?" బిడ్డ, తల్లి బాగున్నంతవరకూ సంచి చిట్లించి డ్రిప్ పెట్టాక కనీసం 12 గంటలైనా చూడాలి. ఇంకో రెండు మూడు రోజులు ఆగాలని మీకుంటే అదీ అడగండి. ఆ రోజుల్లో ఏ పరీక్షలు, ఎప్పుడెప్పుడు అన్నది రాయించుకుని మరీ ఆగండి. 42 దాటనివ్వొద్దు.

వెంటనే బయల్దేరాల్సినవి

కదలిక తగ్గడం, ఆగడం. రక్తస్రావం. నీళ్ళు పోవడం, మరీ ముఖ్యంగా ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే. టైమ్ చూసుకోండి, ప్యాడ్ పారేయకుండా తీసుకెళ్ళండి. వదలకుండా ఉండే కడుపునొప్పి. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, జ్వరం. ఇవేవీ లేకుండా మామూలు నొప్పులే అయితే, అయిదు నిమిషాలకోసారి, నిమిషం పాటు, గంటసేపు క్రమంగా వస్తుంటే బయల్దేరండి. ఇల్లు దూరమైనా, మొదటి కాన్పు కాకపోయినా అంతసేపు ఆగొద్దు.

ఫోన్ల గురించి కూడా చెప్పాలి. 19 నుంచి రోజుకు పదిహేను తగ్గకుండా వచ్చాయి. "ఇంకా కాలేదా?" అడిగేది ప్రేమతోనే, వినేవాళ్ళకు మాత్రం పరీక్ష తప్పినట్టుంటుంది. మూడో రోజు నా ఫోన్ మా ఆయనకిచ్చేశాను. "పుట్టగానే మేమే చేస్తాం" అని అందరికీ ఒకటే మెసేజ్ పెట్టారు. రెండోసారి అసలు డేటే చెప్పలేదు, నెలాఖరు అన్నాం.

28 తెల్లవారుజామున 3:40కి పాప గట్టిగా ఏడుస్తూ పుట్టింది, గొంతులో గొట్టాలేవీ పెట్టాల్సిన పని రాలేదు. 3.6 కిలోలు. డేట్ దాటిన పిల్లల ఒంటి మీద తెల్లటి పూత దాదాపు ఉండదు, అందుకే చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. పాదాలు చూసి మా అమ్మ హడలిపోయింది. కొన్నాళ్ళకు దానంతటదే పోయింది. గోళ్ళు ఎంత పెరిగి ఉన్నాయంటే, పుట్టిన గంటకే బుగ్గ మీద తనే ఎర్రటి గీత గీసుకుంది.

రెండోవాడు మూడు రోజులే దాటాడు. మందుల్లేవు, స్వీప్ లేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి ఎడమ పక్కకు పడుకుని పుస్తకం తెరిచాను. ఆ పేజీలో నాలుగు నిలువు గీతలే ఉన్నాయి. అడ్డగీత గీసేలోపు నీళ్ళు పోయాయి.